కొక్కెం ఉన్న రూపాయి



వెండి నాణేలు సేకరించేవారిలో చాలామంది కొక్కెం అతికిన పాత రూపాయిని చూడగానే పెదవి విరుస్తారు. చిల్లు పడినా, టంకం అంటినా, రాజుగారి ముఖం అరిగినా వారి దృష్టిలో అది పాడైన నాణెమే. దాని వెల వట్టి తూకానికి దిగిపోతుంది. ఈ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. డొంకరాయి చుట్టుపక్కల కొండపల్లెలలో మిగిలిన రూపాయల దండల మనుగడ దీనితో ముడిపడి ఉన్నది.

డొంకరాయి అనగానే లోకానికి సీలేరు జలాశయం, విద్యుత్తు గుర్తుకు వస్తాయి. ఉపాధ్యాయుడిగా ఆ ప్రాంతంలో మసలిన నాకు మాత్రం వృద్ధ స్త్రీల మెడలోని రూపాయలు గుర్తుకు వస్తాయి. విక్టోరియా రాణి, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి, ఆరవ జార్జి ఒకే దారానికి వేలాడుతుంటారు. 1922 నుండి 1924 వరకు మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ నడిచింది ఈ అయిదవ జార్జి ఏలుబడిలోనే. తమను ఏలినవారి తలలను గుచ్చి ఆభరణంగా ధరించిన ఈ చమత్కారం నాకు ఏ కావ్యంలోనూ కనిపించలేదు. ఆ దండ అలంకారమే కాదు, ఆ ఇంటి నిల్వధనం కూడా.

భాష కూడా నా పక్షమే. ‘రూప్యము’ అంటే ముద్ర కొట్టబడినది అనే అర్థం పాణిని వ్యాకరణంలోనే ఉన్నది. నాణేలు ముద్రించే చోటు టంకశాల. నగకు అతుకు వేయడం టంకం పెట్టడం. మొదటి ముద్ర ప్రభుత్వానిది, రెండవది కంసాలిది. మొదటిదాన్ని చరిత్ర అనీ, రెండవదాన్ని దోషమనీ అనడం ఏ న్యాయం?

ఇక లెక్కకు వద్దాం. 1835 నుండి 1939 వరకు ముద్రించిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు, సుమారు 10.7 గ్రాములు, మేలిమి వెండి. యుద్ధకాలంలో, 1940 నుండి 1945 వరకు, బరువు అదే అయినా వెండి సగానికి తగ్గింది. ఈ భేదం తెలియని అవ్వ దగ్గర అన్నింటినీ సగం వెండిగా కట్టి కొనేవాడికి ఒక్కొక్క పాత రూపాయి మీద దాదాపు 5 గ్రాముల వెండి ఊరికే మిగులుతుంది. నాణెం మీది నాలుగంకెలు చదవగలగడానికి ఇంతకన్న ప్రత్యక్షమైన ఫలితం బడిపంతులుగా నేను చూపలేను.

మరొక విచిత్రం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్‌టీఆర్ 100 రూపాయల నాణెంలో వెండి 50 పాళ్ళు, రాగి 40, నికెలు 5, జింకు 5. యుద్ధకాలపు రూపాయి మిశ్రమం కూడా సరిగ్గా ఇదే! దీన్ని పెట్టెతో సహా భద్రపరచుకునే మనం, అదే మిశ్రమం కొండ స్త్రీ మెడలో ఉంటే అరిగిన వెండి అంటాం. దుకాణాలలో దొరికే లక్ష్మీదేవి వెండి బిళ్ళలు కొనుక్కోవడాన్ని నేను తప్పుపట్టను. అవి తూకానికి, మేలిమికి కొనేవే. దండలోని రూపాయిని కూడా ఆ త్రాసులోనే వేయడం తప్పంటాను.

“మనం కొనకపోతే కొలిమిలో కరిగిపోదా?” అని అడగవచ్చు. నిజమే, అందుకే కొనవద్దని నేననను. సంతలో బేరమాడి దండ తెంపించవద్దంటాను. యజమానురాలు తానై అమ్మదలిస్తే, ప్రతి నాణెం మీది సంవత్సరం చదివి వినిపించి, అసలు వెండికి ఆనాటి ధరకు తగ్గకుండా చెల్లించండి. దండను దండగానే ఉంచండి. కొక్కెం కోయకండి, చింతపండుతో తోమకండి. ఏ పల్లెది, ఎవరు ధరించేవారు అన్న వివరాలు ఆమె సమ్మతితో రాసిపెట్టుకోండి. విదేశాలలోని మిత్రులకు ఒక హెచ్చరిక: నూరేళ్ళు నిండిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం.

విడి విక్టోరియా రూపాయలు పట్టణాలలో కావలసినన్ని దొరుకుతాయి. ఒక అవ్వ మెడలో అరిగిన వరుస మాత్రం విడిపోతే మళ్ళీ కూర్చలేం. మీ పెట్టెలో కొక్కెమున్న రూపాయి ఉంటే దాన్ని పక్కకు నెట్టకండి. దాని వెనుకనున్న పల్లె పేరు ఇప్పటికైనా కనుక్కోండి.