గృహనిర్వాహము: కారుచున్న గీజరు

ధనుర్మాసము వచ్చినదనగానే ప్రతి యింటను వేడినీళ్ల యక్కఱ హెచ్చును. తెల్లవారకమున్నే పూజకు గూర్చుండు పెద్దలును, బడికి బోవు పిల్లలును, ఉద్యోగములకు పరుగిడువారును ఒకరి వెనుక నొకరు స్నానమునకు వత్తురు. తక్కిన కాలమున దినమున కొక గడియసేపు పనిచేసిన గీజరు ఈ చలిదినములలో విశ్రాంతి యెఱుగదు. అందుచే దానిలో దాగియున్న లోపము లీ కాలముననే బయటపడుచుండును. వానిలో నెక్కువగా నుపేక్షింపబడునది కారుట. క్రింద నొక బొక్కెన పెట్టి, “ఆదివారమునాడు చూతములే” యని యూరకుండు ఇండ్లను మే మెన్నియో చూచితిమి. చుక్కలు పడుట మొదట కనిపెట్టునది గృహిణి; వాయిదా వేయువారు వేఱొకరు. ఈ వాయిదా యేల కూడదో సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

పూర్వము మన యిండ్లలో నీళ్లు రాగికాగులోనో, నడుమ బొగ్గుల గొట్టము గల రాగి బాయిలరులోనో కాగెడివి. అవి కారినచో నిప్పు చల్లారెడిది, పొగ కమ్మెడిది, ఇంటివారు విసుగుకొనెడివారు, అంతే. కంచరి వచ్చి మాటు వేసినచో ఆ కాగు మఱికొన్ని యేండ్లు పనికివచ్చెడిది. మాటు వేయించుకొని వాడుకొనుట మన యలవాటు, మంచి యలవాటే. కాని గీజరు విషయమున నది చెల్లదు. దీని నీటిని కాచునది విద్యుత్తు. తొట్టిలోని నీటి నడుమ సామాన్యముగా 2000 వాట్ల కడ్డీ మునిగియుండును. 230 వోల్టుల యొద్ద అది దాదాపు 9 ఆంపియర్ల కరెంటును లాగును. నిలువుగా బిగించు గీజర్లలో ఆ కడ్డీకి తీగలు కలియు చోటును, థర్మోస్టాటును తొట్టి యడుగున మూతలోపల నుండును. కారిన నీరు దిగివచ్చునదియు నక్కడికే. ఇక తడినేలపై వట్టికాళ్లతో నిలిచి, తడిచేతితో లోహపు కొళాయి త్రిప్పువారి మాట చెప్పనేల? ఎర్తు తీగ సరిగా లేని యింట అది ప్రాణముతో చెలగాట మాడుటయే.

కావున నీరు కారుట కంటబడినతోడనే చేయవలసిన మొదటి పని కరెంటు ఆపుట. గీజరును తడిమి చూచుట తరువాతి పని. స్విచ్చి తడిసినను, తడిసిన గోడపై నున్నను దాని జోలికి బోక, చేతులు తుడుచుకొని, చెప్పులు తొడుగుకొని, మెయిను పెట్టెలో గీజరునకు సంబంధించిన ఎం.సి.బి.ని దింపవలెను. ఏది గీజరుదో తెలియకున్నచో మొత్తము మెయినునే ఆపివేయుడు. ఇల్లు కొంతసేపు చీకటిగా నున్నను నష్టము లేదు. పిదప గీజరులోనికి చల్లనినీరు పోవు వాల్వును మూయవలెను. సామాన్యముగా నా గొట్టము మొదట నీలిరంగు గుర్తును, వేడినీరు వచ్చు గొట్టమునకు ఎఱ్ఱని గుర్తును ఉండును. అటుపై వేడినీటి కొళాయిని విప్పినచో లోపలి యొత్తిడి తగ్గి కారుట మందగించును. తొట్టి మాత్రము నిండియే యుండును, ఆ నీరు గంటల తరబడి వేడి విడువదు. పిల్లల నాచోటికి పోనీయరాదు. ఆ దినమునకు పొయ్యిమీద గంగాళ మెక్కించుకొందురు గాక.

ఇప్పుడు కారుట యెక్కడనుండి యని చూడవచ్చును. పొడిగుడ్డతో అంతయు తుడిచి, అతుకుల చుట్టును పొడి కాగితము చుట్టి కొంతసేపు ఆగినచో తడి తానే చోటు చెప్పును. గొట్టముల యతుకు లైనచో వాషరో, టేపో మార్చినంత సరిపోవును. ఇది చిన్నపని. అడుగు మూతనుండి వచ్చుచున్నచో కడ్డీని బిగించినచోటి రబ్బరు పట్టీ చెడియుండవచ్చును; దానిని మార్చవచ్చును గాని అది తెలిసిన పనివాడు చేయవలసిన పని. తుప్పురంగు నీరు తొట్టినుండియే యూరుచున్నచో ఇక మాటలేదు, దానిని మార్చివేయవలసినదే. ఇనుము కదా, వెల్డింగు చేయింతమని కొంద ఱందురు. తొట్టి లోపలి గాజువంటి పూత ఆ వేడికి చెడిపోవును. మఱికొన్నాళ్లకు ప్రక్కనే వేఱొక రంధ్రము పడును.

మిగిలినది యొత్తిడి విడుచు వాల్వు. దీనిని గూర్చి యొకింత విపులముగ చెప్పవలసియున్నది. నీరు కాగినపుడు పెరుగును. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచినచో అది సుమారు 350 మిల్లీలీటర్లు అధికమగును. వెనుకకు పోవు దారి మూసియున్నచోట ఆ యధికపు నీరు ఈ వాల్వుగుండా చుక్కలుగా వచ్చును. కాగునంతసేపు మాత్రమే కారి, పిమ్మట ఆగినచో అది రోగము కాదు. గీజరు ఆపిన తరువాతను కారుచున్నచో వాల్వు చెడినదనియో, గొట్టములలో నీటి యొత్తిడి మితిమీరిన దనియో తెలిసికొనవలెను. కొందఱు పనివాం డ్రీ చుక్కలు కనబడకుండుటకై యా రంధ్రమునకు బిరడా బిగించి, కూలి పుచ్చుకొని పోవుదురు. ఇంతకంటె ఘోరమైన మరమ్మతు లేదు. థర్మోస్టాటు చెడిన దినమున నీరు మితిమీరి కాగుచుండగా, ఒత్తిడి పోవుటకు దారిలేక తొట్టి పగిలిపోవచ్చును. బిరడా మాట యెత్తిన పనివానిని మర్యాదగానే పంపివేయుడు.

తొట్టి యంత త్వరగా తూట్లుపడుట కొక కారణము మనము దాని లోపలి మెగ్నీషియపు కడ్డీని మఱచుట. తొట్టి ఉక్కునకు బదులు తాను కరగిపోవుటయే దాని పని. అది యంతయు కరగిన పిదప తుప్పు తొట్టిని పట్టును. బోరుబావి యుప్పునీరు వాడు ఇండ్లలో ఏడాది కొకమారు దానిని తీయించి చూచి, సన్నగిలినచో మార్పింపవలెను. ఆ సమయముననే వేడికడ్డీకి పట్టిన తెల్లని గారను తీయించుడు. కాగునపుడు గీజరు పటపట చప్పుడు చేయుచున్నచో గార పేరుకొన్నదనుట.

క్రొత్తది కొనువారు ఐ.ఎస్. 2082 అను ప్రమాణపు ముద్ర చూచుకొని, హామీ కాగితమును భద్రపఱచుకొనవలెను. గీజరునకు 16 ఆంపియర్ల ప్లగ్గును, నిజముగా భూమికి చేరిన ఎర్తును ఉండవలెను. వీనితోపాటు మెయిను పెట్టెలో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. యొకటి పెట్టించుడు. కరెంటు దారితప్పి మనిషి మీదుగా పోజూచినపుడు కనుఱెప్పపాటులో నిలిపివేయునది యదియే. దానిపై నొక చిన్న పరీక్ష మీట యుండును. నెలకొకమారు దానిని నొక్కినచో టక్కున పడవలెను. పడకున్నచో నా దినముననే ఎలక్ట్రీషియనును పిలిపింపుడు, ఆదివారముదాక నాగవలదు.