గాయపడిన మృగమునకు దిక్కెవరు?

గత వానకాలమున ఒకనాటి ఉదయమున, పొలము గట్లమీదుగా మల్దకల్లునకు నడచివచ్చు మా విద్యార్థులు కొందరు బడికి ఆలస్యముగా వచ్చిరి. కారణమడుగగా వారు చెప్పినది ఇది. విత్తనపు పత్తిచేని ప్రక్కన ఒక కృష్ణజింక పడియున్నది. దాని నడుము విఱిగినది. ముందుకాళ్లతో నేలను గీఱుచు లేవబోవును, వెనుకకాళ్లు కదలవు. రాత్రి కుక్కలు తఱిమెనో, బండి తగిలెనో ఎవరికిని తెలియదు. చుట్టును పదిమంది పెద్దలు గుమిగూడియుండిరి. ఒకడు గొడ్డలి తెచ్చి, "దీని బాధ చూడజాలను, ఒక్క దెబ్బతో ముగింతును" అనెను. మఱియొకడు "దాని జోలికి పోతివా, జైలు తప్పదు" అని చెయ్యి పట్టుకొనెను. మూడవవాడు మాంసమును గూర్చి ప్రక్కవానితో మెల్లగా మాటలాడెను. తుదకు ఎవరును ఏమియు చేయలేదు. ఎవరును ఎవరికిని కబురు పంపలేదు. సాయంకాలము పిల్లలు ఇండ్లకు మరలునప్పటికి జింక చచ్చియుండెను.

మఱునాడు వారిలో ఒకడు, "అయ్యగారూ, గొడ్డలి తెచ్చిన పెద్దయ్య మంచివాడా, చెడ్డవాడా?" అని మమ్మడిగెను. ఆనాడు మేము తిన్నని సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత ఆలోచించి, తెలిసినవారిని అడిగి, చట్టమును చదివి, ఆ బాలునకు చెప్పవలసిన మాటను ఈ సంచిక మూలమున చెప్పుచున్నాము.

ఈ చిక్కు క్రొత్తది గాదు. శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండమందు దశరథుని కథను ఎఱుగనివారు లేరు. సరయూతీరమున రాత్రివేళ కుండ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదనుకొని ఆయన బాణము విడిచెను. తగిలినది మునికుమారునకు. బాణమును పెఱికినచో బాలుడు మరణించును. పెఱుకకున్నచో బాధచే తల్లడిల్లును. ఎంతటి విలుకాడైనను ఆ రాజునకు అప్పుడేమియు తోచలేదు. కడకు ఆ బాలుడే బాణమును తీయుమని కోరెను. రాజు తీసెను, బాలుడు ప్రాణము విడిచెను. ఈ కథలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. గాయపడినవాడు నోరున్నవాడు గనుక తనకేది కావలయునో తానే చెప్పెను. పత్తిచేని జింకకు నోరు లేదు. దాని పక్షమున మఱియెవరో చెప్పవలయును. ఆ చెప్పువారు ఎవరు? మన వాదమంతయు ఈ ఒక్క ప్రశ్నమీదనే నిలిచియున్నది.

1928లో సబర్మతి ఆశ్రమమున ఒక ఆవుదూడ తీరని వ్యాధితో నేలబడి, ప్రక్కకైనను తిరుగలేక బాధపడుచుండెను. పశువైద్యుడు ఆశ వదలుకొనెను. మహాత్మా గాంధీగారు బాగుగా విచారించి, వైద్యునిచేత సూదిమందు వేయించి దాని బాధను ముగింపించిరి. అహింసావ్రతులైన వారు గోవత్సమును చంపించిరని దేశమున గొప్ప కలకలము పుట్టెను. ఆయన అదే సంవత్సరము అక్టోబరులో తమ పత్రికయందు దానికి ప్రత్యుత్తరము వ్రాసిరి. ఆ వ్యాసములోనే కోతులను గూర్చియు ప్రస్తావించిరి. ఆశ్రమపు పంటను పాడుచేయు కోతులను చంపుట వేఱు, దూడను చంపించుట వేఱు అని వారి భావము. దూడ విషయమున చూచినది దూడ మేలు. కోతుల విషయమున చూడబడునది మన మేలు. కావున రెండవది హింసయే యనిరి. చంపిన చెయ్యి ఒక్కటే. ఎవరి మేలుకొఱకు చంపెనన్నదే భేదము.

ఈ భేదమును మన జింకకడ నిలిచిన ముగ్గురికి పట్టించి చూతము. గొడ్డలివాడు నిజముగా జాలిపడెనని మేము నమ్ముచున్నాము. మాంసమును గూర్చి మాటలాడినవాడు తన కడుపును గూర్చి మాటలాడెను. అయితే గొడ్డలి దెబ్బ పడిన తరువాత ఈ ఇద్దరిలో ఎవరి కోరిక తీఱెనో చూచువారికి తెలియదు. మాంసము కావలసినవాడును జాలి మాటనే పలుకవచ్చును. ఇది మనుష్యస్వభావము.

వేటను ఒప్పుకొను దేశములలో పద్ధతి వేఱుగా నున్నది. జర్మనీ వేటచట్టము ప్రకారము గాయపడిన మృగమును అనవసరపు బాధనుండి తప్పించుటకై ఆలస్యము లేక చంపుట విధి. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టము, గాయపడిన లేక వ్యాధిగ్రస్తమైన జింక బాధను మాన్పుటకై చేసిన పని నేరము గాదనుచున్నది. వెనుకటి కాలమున మన దేశపు మంచి షికారీలకును ఒక నియమముండెను: గాయపఱచిన మృగమును విడిచి ఇంటికి పోరాదు, వెదకి దాని బాధను ముగింపవలయును. ఆ నియమము జాలివలన మాత్రమే పుట్టినది గాదు. 1907లో జిమ్ కార్బెట్ దొర చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని లెక్క. దాని నోట కుడిప్రక్క కోఱలు రెండును విఱిగియుండెను. అది పూర్వమెప్పుడో తగిలిన తుపాకి దెబ్బవలన కలిగినది. సహజమైన ఎఱను పట్టలేకయే అది మనుష్యులమీద పడెనని కార్బెట్ తలచెను. ఒకని గుఱి తప్పినందుకు అప్పు తీర్చినవారు కుమావూన్ పల్లెల ఆడవారును పిల్లలును.

ఆ దేశములలో వేటకు అనుమతియున్నది. కావున వేటకానికి బాధ్యతయు ఉన్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఆ చట్టము దృష్టిలో వేటయనగా చంపుట మాత్రమే గాదు. విషము పెట్టుట, ఉచ్చు వేయుట, పట్టుట, తఱుముట, గాయపఱచుట అన్నియు వేటయే. కృష్ణజింకయు నెమలియు మొదటి షెడ్యూలులో నున్నవి. 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన తరువాతను వాటి స్థానము మాఱలేదు. అట్టి ప్రాణిని వేటాడినవానికి మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయలకు తక్కువ గాని జరిమానాయు విధింపవచ్చును. కావున చెయ్యి పట్టుకొన్న పెద్దమనిషి చెప్పినది సత్యమే.

అట్లని చట్టము దయను మఱచినది గాదు. 11వ సెక్షను ప్రకారము ఒక ప్రాణి కోలుకొన వీలులేనంతగా అంగవికలమైనదిగాని వ్యాధిగ్రస్తమైనదిగాని అయినచో, కారణములు చూపుచు వ్రాతమూలకమైన ఉత్తరువుతో దానిని చంపింపవచ్చును. అడవిపంది వంటి రెండవ షెడ్యూలు జంతువు విషయమున అధికారము పొందిన అధికారియైనను ఆ ఉత్తరువీయవచ్చును. మొదటి షెడ్యూలు ప్రాణికి మాత్రము చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అను రాష్ట్రపు ముఖ్యాధికారియే ఈయవలయును. ఆత్మరక్షణకై గాని, ఇతరులను కాపాడుటకై గాని సద్భావముతో మృగమును చంపినవాడు నేరస్థుడు గాడు. వాడు ఆ సమయమున తానే చట్టవిరుద్ధమైన పనిలో నుండరాదు. ఎట్లు చచ్చినను ఆ కళేబరము ప్రభుత్వపు సొత్తు. అది ఎవరి చేతికైనను వచ్చినచో 48 గంటలలోపల పోలీసు ఠాణాలోగాని అధికారికిగాని తెలుపవలయును. అనగా గాయపడిన జింకను చంపినవాడు దాని మాంసమును తినుటకు ఏ మార్గమును లేదు.

ఇంత కట్టుబాటు ఎందుకని కొందఱు విసుగుకొందురు. మాకు మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది, "గాయపడియుండెను గనుక చంపితిని" అనుట తప్పు గాదన్నచో, దొంగవేటకాడు ప్రతివాడును ఆ మాటనే చెప్పును. ఉచ్చు పన్నినవాడే తెల్లవాఱి దయాళువగును. రెండవది, చావనున్నదెవరో బ్రతుకనున్నదెవరో మనకు తెలియదు. భయముచేత కొయ్యబాఱి పడియున్న జింక చచ్చుచున్నట్లే కనబడును. కొంతసేపు విడిచినచో లేచి పరుగెత్తవచ్చును. పైకి చిన్నగాయముతో నున్నది, తఱిమిన శ్రమవలన కండలు చెడి ఒకటి రెండు దినములకు చావవచ్చును. ఇది పశువైద్యుడు చెప్పవలసిన మాట. మూడవది, దశరథుని కథలో మనము చూచినదే. నోరులేని జీవి పక్షమున మాటలాడువాడు దాని చావువలన ఏమియు పొందనివాడై యుండవలయును. పంట పోయిన రైతు గాని, మాంసము కోరువాడు గాని, గాయపఱచినవాడు గాని ఆ తీర్పు చెప్పదగడు.

అయితే చట్టమును మెచ్చుకొని ఊరకుండుట మా ఉద్దేశము గాదు. దీనిలో ఒక లోపమున్నది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ తన ఇతరాధికారములను క్రిందివారికి ఒప్పగింపవచ్చును గాని, మొదటి షెడ్యూలు ప్రాణిని చంపింప నుత్తరువిచ్చు అధికారమును మాత్రము ఒప్పగింపరాదని 5వ సెక్షను చెప్పుచున్నది. మనుష్యులను తినెడి పులి విషయమున ఈ జాగ్రత్త యుక్తమే. నడుము విఱిగిన జింక విషయమున ఉత్తరువు హైదరాబాదునుండి రావలెను. అంతలో జింక బాధ మల్దకల్లులోనే యుండును. కృష్ణకావల మక్తల్ సీమలోను, తుంగభద్రకావల 1988లో అభయారణ్యమైన రోళ్లపాడు చుట్టును కృష్ణజింకలు మందలుగా తిరుగుచున్నవి. నదులనడుమనున్న మన నడిగడ్డకు ఇట్టి ఘట్టము మరల రాకపోదు. ఇప్పుడు వ్రాతయనగా కాగితమే కానక్కఱలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ వ్రాతను వ్రాతగానే అంగీకరించినది. జిల్లా పశువైద్యుడు గాయమును పరీక్షించి ఫోనులో చిత్రములతో నివేదిక పంపగా, రాష్ట్రాధికారి గడియలోపల ఉత్తరువీయు ఏర్పాటు చేయుట కష్టమా? చట్టమును సడలింపుడని మేము కోరుటలేదు. దానిని వేగముగా నడపుడని కోరుచున్నాము. ఆలస్యమైన దయ దయ గాదు.

అంతవఱకు మనము చేయదగిన పనులు ఉన్నవి. తల్లిదండ్రులును విద్యార్థులును వీనిని గుర్తుంచుకొనవలయునని కోరుచున్నాము. గాయపడిన ప్రాణి కనబడినచో ముందుగా అటవీశాఖవారికి, వారు అందనిచో పోలీసు ఠాణాకు ఫోను చేయుడు. కుక్కలను తోలివేయుడు. గుంపును దూరముగా నుంచుడు, అఱపులు మాన్పుడు. పడియున్న దాని నోట నీరు పోయకుడు, ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నీడ లేనిచోట దూరమునుండి నీడ కల్పించుడు. పిల్లలు దగ్గఱకు పోరాదు; ప్రాణభీతితోనున్న ఇఱ్ఱి కొమ్ములు ప్రమాదకరములు. దాని కాటుగాని ఉమ్మిగాని గాయమునకు తగిలినచో సబ్బుతో బాగుగా కడిగికొని వెంటనే ఆసుపత్రికి పోవలయును. ఇవన్నియు చిన్నపనులు. ఆనాడు పదిమంది పెద్దలలో ఒక్కరైనను వీనిలో ఒక్కటైనను చేయలేదు.

ఇంకొక మాట. గాయములు ఆకాశమునుండి పడుటలేదు. పందులకని చేనిచుట్టు కట్టిన కరెంటుతీగ పందిని మాత్రమే పట్టదు. జింకను, ఎద్దును, నీళ్లు కట్టవచ్చిన పాలేరును గూడ పట్టును. ఉచ్చును అట్టిదే. గట్టులేని పాడుబావి రాత్రి పరుగెత్తు జీవమునకు గోరీ యగును. మొలకలు పోయిన రైతు దుఃఖము మాకు తెలియును. మా విద్యార్థులలో అనేకులు రైతుబిడ్డలే. నష్టపరిహారమును గట్టిగా అడుగుట వారి హక్కు. కాని తీగ కట్టి గాయపఱచి, పిమ్మట గొడ్డలి పట్టి జాలిపడుట మేము ఒప్పుకొనలేము.

ఇక ఆ బాలుని ప్రశ్నకు మా సమాధానము. నాయనా, గొడ్డలి తెచ్చిన పెద్దయ్య చెడ్డవాడు గాడు. వాని మనస్సు మంచిది, వాని చెయ్యి తగినది గాదు. చెయ్యి పట్టుకొన్నవాడు చట్టమెఱిగినవాడే గాని, అంతటితో తన పని తీఱినదనుకొనెను. ఆ జింకకు కావలసినది గొడ్డలి గాదు, చూచుచు నిలుచుండుటయు గాదు. దాని పక్షమున ఒకడు పరుగెత్తి కబురందింపవలసియుండెను. ఈ మాఱు అట్టిది నీ కంటబడినచో ఆ పరుగెత్తువాడవు నీవు కమ్ము. బడికి ఆలస్యమైనందుకు మేము నిన్ను దండింపము.