నిధులున్నప్పుడే వ్యయానికి హద్దు

స్టార్టప్ ఇండియా కార్యక్రమం 2016 జనవరి 16న ప్రారంభమైన నాటి నుంచి దేశంలో అంకుర సంస్థలకు ప్రోత్సాహం పెరుగుతూ వచ్చింది. అయితే నిధుల సమీకరణపై జరిగినంత చర్చ, వాటిని ఖర్చు చేసే పద్ధతిపై జరగడం లేదు. సంస్థ ఆయుష్షును నిర్ణయించేది ఈ రెండో అంశమే.

లెక్క సరళమైనదే. బ్యాంకులో 6 కోట్ల రూపాయలున్న సంస్థకు నెలకు 50 లక్షల ఖర్చు, 10 లక్షల రాబడి ఉంటే, ప్రతి నెలా 40 లక్షలు తరుగుతాయి. ఆ నిల్వ 15 నెలలు వస్తుంది. ఖర్చు 70 లక్షలకు పెరిగి, రాబడి పెరగకపోతే గడువు 10 నెలలకు తగ్గుతుంది. మరో విడత పెట్టుబడికి సంప్రదింపులు నెలల తరబడి సాగుతాయి కనుక, ఈ 5 నెలల తేడాయే మనుగడను తేల్చవచ్చు.

ఆహార సరఫరా సంస్థ జొమాటో 2022-23లో 971 కోట్ల రూపాయల నష్టం చవిచూసింది. ఆ ఏడాదిలోనే సుమారు 225 చిన్న నగరాల నుంచి వైదొలగింది. వైదొలగడానికి ముందు త్రైమాసికంలో ఆ నగరాలన్నీ కలిసి ఆర్డర్ల విలువలో సమకూర్చింది 0.3 శాతమే. మరుసటి ఏడాది సంస్థకు 351 కోట్ల రూపాయల లాభం వచ్చింది. లాభానికి ఇదొక్కటే కారణం కాదు. అయితే ఫలితమివ్వని చోట ఖర్చు ఆపాలన్న నిర్ణయం, నిధులు చేతిలో ఉండగానే జరిగింది.

విద్యా సాంకేతిక సంస్థ బైజూస్ అనుభవం ఇందుకు భిన్నం. 2022లో దాని విలువను 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. కానీ 4,588 కోట్ల రూపాయల నష్టం చూపిన 2020-21 లెక్కలు 2022 సెప్టెంబరులో గాని వెలువడలేదు. 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. క్రికెట్ నియంత్రణ మండలికి చెల్లించాల్సిన సుమారు 158 కోట్ల రూపాయల బకాయిపై, 2024 జులైలో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియకు ఆదేశించింది. నిన్నటి ఖర్చు ఎంతో సకాలంలో తేలనిదే రేపటి ఖర్చుకు హద్దు గీయడం సాధ్యం కాదు.

పరిమితి అంటే అన్ని పద్దుల్లోనూ సమానంగా కోత విధించడం కాదు. ప్రకటనలు, నియామకాలు, అద్దె, క్లౌడ్ సేవలకు వేర్వేరు హద్దులుండాలి. ఎంత మొత్తం దాటితే ఎవరి అనుమతి కావాలో ముందే నిర్ణయించాలి. క్లౌడ్ బిల్లు వాడకాన్ని బట్టి పెరుగుతుంది. హద్దు దాటినట్లు వచ్చే హెచ్చరిక సందేశం సాధారణంగా సమాచారం ఇస్తుందే తప్ప, వాడకాన్ని తనంతట తాను ఆపదు. దాన్ని చూసి చర్య తీసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

హద్దులు మరీ బిగిస్తే ఉత్పత్తి నాణ్యత, ఎదుగుదల దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకే ప్రతి త్రైమాసికంలో సమీక్ష అవసరం.

వ్యయ నియంత్రణ లోపిస్తే ఆ భారం పెట్టుబడిదారులతో ఆగదు. జీతంలో కొంత భాగానికి బదులు వాటాలు తీసుకున్న ఉద్యోగి, సంస్థ కూలిన నాడు ఉపాధినీ పొదుపునూ ఒకేసారి కోల్పోతాడు. నిధులు పుష్కలంగా ఉన్నప్పుడు గీసుకున్న హద్దు, అవి అడుగంటాక విధించే కోత కంటే ఆ ఉద్యోగికి ఎంతో మేలు చేస్తుంది.