పెట్టెలు సరే, జబ్బుల లెక్క ఏది?

1991లో కేరళ రబ్బరు తోటల్లో తేనె పెట్టెలు ఒక్కొక్కటే మూగబోయాయి. మూత తీసి చూస్తే రాణి ఈగ ఉంది, కాస్తో కూస్తో తేనె ఉంది, బతికున్న పిల్లలు మాత్రం లేవు. అరల్లోని పిల్ల పురుగులు ప్యూపాగా మారకముందే చచ్చి, ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బి ఉండేవి. వాటిని పట్టింది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. రెండు మూడేళ్లలో అది కేరళ, కర్ణాటక, తమిళనాడులను చుట్టేసింది. పెట్టెల్లో పెంచే భారతీయ తేనెటీగల కుటుంబాల్లో తొంభై శాతానికి పైగా పోయాయని అంచనా. తేనె మీదే బతికే వేల కుటుంబాలకు ఆ రాబడి ఆగిపోయింది.

ఆ వైరస్ అప్పటికప్పుడు ఊడిపడిందేమీ కాదు. 1970ల చివర్లోనే ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడింది. అక్కడి నుంచి దక్షిణాదికి చేరడానికి పదేళ్లకు పైగా పట్టింది. అంత వ్యవధి దొరికినా దాన్ని దారిలో కనిపెట్టి ఆపే ఏర్పాటు లేకపోయింది. మూడు దశాబ్దాలు దాటినా ఈ విషయంలో మన తీరు పెద్దగా మారలేదు.

ఇప్పుడు తేనెటీగల పెంపకానికి డబ్బు కొరత లేదు. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు కేంద్రం 500 కోట్ల రూపాయలు కేటాయించింది. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ తన హనీ మిషన్ కింద పెట్టెలు పంచుతోంది. జబ్బుల నిర్ధారణ కేంద్రాలకూ పథకాల్లో చోటుంది. అయితే సభల్లో, ప్రకటనల్లో వినిపించేవి రెండే లెక్కలు: ఎన్ని పెట్టెలు పంచాం, ఎన్ని టన్నుల తేనె ఎగుమతి చేశాం. ఆ పెట్టెల్లో ఎన్నింటికి ఏ జబ్బు ఉందో అడిగేవారు అరుదు.

అడగాల్సిన అవసరం మాత్రం చాలానే ఉంది. మన దేశంలో వాణిజ్య పెంపకం ఎక్కువగా ఐరోపా తేనెటీగ మీదే నడుస్తోంది. 1960ల్లో హిమాచల్, పంజాబ్‌లలో నిలదొక్కుకున్న ఈ ఈగ తేనె బాగా ఇస్తుంది. కానీ వరోవా అనే నల్లి ముందు అది నిస్సహాయురాలు. ఎరుపు గోధుమ రంగులో మిల్లీమీటరున్నర వెడల్పుండే ఈ పురుగు, అర మూతపడే ముందు పిల్ల పురుగు పక్కన దూరి అక్కడే గుడ్లు పెడుతుంది. అది ఈగ రక్తం తాగుతుందని దశాబ్దాల పాటు అనుకున్నారు. 2019లో అమెరికా పరిశోధకుడు శామ్యూల్ రామ్సే బృందం అసలు సంగతి తేల్చింది. పెద్ద ఈగల్లో అది ప్రధానంగా తినేది కొవ్వు కణజాలాన్ని. ఈగకు రోగనిరోధక శక్తిని, విషాలను విరిచే సత్తువను ఇచ్చేది ఆ కణజాలమే. అంటే నల్లి మొదట కొరుకుతున్నది ఈగ రక్షణ కవచాన్నే. పైగా అదే కాటుతో ఈగ రెక్కలు ముడుచుకుపోయేలా చేసే వైరస్‌నూ ఎక్కిస్తుంది.

విచిత్రమేమిటంటే, ఈ నల్లి పుట్టిల్లు మన ఆసియా. మన చెట్ల తొర్రల్లో, పాడుబడ్డ పుట్టల్లో పట్టు పెట్టే భారతీయ తేనెటీగే దానికి అసలు ఆశ్రయం. ఈ రెండూ తరతరాలుగా కలిసే బతుకుతున్నాయి. భారతీయ ఈగలు ఒకదాని ఒంటి మీది నల్లిని మరొకటి ఏరిపారేస్తాయి. కూలి ఈగల అరల్లో నల్లి సంతతి పెరగదు. పోతుటీగ అరలో నల్లులు మరీ ఎక్కువైతే, బలహీనపడ్డ పోతుటీగ గట్టి మూతను చీల్చుకుని రాలేదు. లోపలున్న నల్లులతో సహా అక్కడే సమాధి అవుతుంది. ఐరోపా ఈగకు ఈ విద్యలు సరిగా రావు. దాన్ని ఆసియాకు తెచ్చి పక్కపక్కన పెంచినప్పుడు నల్లి కొత్త ఇంటికి మారి, అక్కడి నుంచి దేశాలన్నీ చుట్టింది. ఆస్ట్రేలియా చాలాకాలం తప్పించుకుంది. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర నల్లి కనబడగానే ఆ దేశం వేల పెట్టెలను నాశనం చేసింది. అయినా 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నాన్ని వదులుకోక తప్పలేదు.

తేనెటీగ ఒంటరిగా చూస్తే అల్పప్రాణి. 2006లో దాని జన్యుపటం వెలువడినప్పుడు, రోగనిరోధక జన్యువులు పండ్ల ఈగకున్న వాటిలో మూడో వంతే ఉన్నాయని తేలింది. ఆ లోటును పట్టు మొత్తం కలిసి పూడ్చుకుంటుందని శాస్త్రవేత్తల ఆలోచన. చెట్ల జిగురు తెచ్చి గూటి గోడలకు పూస్తాయి. దానికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉంది. సుద్దలా గట్టిపడేలా పిల్లల్ని చంపే శిలీంధ్రం సోకితే, అన్నీ కలిసి గూటి వేడిని పెంచుతాయి. అన్నిటికన్నా గొప్పది శుభ్రం చేసే గుణం. మూసిన అరలో పిల్ల జబ్బుపడితే వాసన పసిగట్టి, మూత విప్పి, బయటికి ఈడ్చేస్తాయి. ఈ గుణం వంశపారంపర్యమని అమెరికాలో వాల్టర్ రోథెన్‌బ్యులర్ 1964లోనే చూపారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్ ఆ గుణమున్న వంశాలను ఎంపిక చేసి పెంచారు. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. కొంత పిల్ల పట్టును గడ్డకట్టించి చంపి, గూట్లో పెట్టి, ఒక రోజు తర్వాత ఎన్ని అరలు శుభ్రమయ్యాయో లెక్కపెట్టాలి.

కష్టం వస్తే మందు వేస్తే పోదా అని పెంపకందారు అడగడం సహజం. అప్పు చేసి వంద పెట్టెలు కొన్న మనిషి వంశాభివృద్ధి ఫలితం కోసం పదేళ్లు ఆగలేడు. మందు కావాల్సిందే. కానీ ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో 2025లో అమెరికా చూసింది. ఆ శీతాకాలంలో అక్కడి వాణిజ్య పెంపకందారులు సగానికి పైగా తేనెటీగల కుటుంబాలను కోల్పోయారు. కూలిన పట్టుల్లో వైరస్‌లు విపరీతంగా ఉన్నాయి. ఆ వైరస్‌లను మోసే నల్లుల్లో అమిట్రాజ్ మందుకు లొంగని గుణం కనబడింది. మందుల దెబ్బ మనకూ కొత్త కాదు. యాంటీబయాటిక్‌లు, ఇతర అవశేషాల కారణంగా 2010లో ఐరోపా మన తేనెను ఆపేసింది. అదే ఏడాది ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం 12 బ్రాండ్లు పరీక్షిస్తే 11 బ్రాండ్లలో యాంటీబయాటిక్‌లు దొరికాయి.

తెలుగు నేల మీద కూడా ఇది తేనెతో ముగిసే వ్యవహారం కాదు. హైబ్రిడ్ పొద్దుతిరుగుడు విత్తనం పండించే రైతుకు మగ వరుస పుప్పొడిని ఆడ వరుసకు మోసే కూలీ తేనెటీగే. ఏజెన్సీలో గిరిజనులు కొండ తేనె తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ట్రోపిలీలాప్స్ అనే మరో నల్లి ఆ కొండ తేనెటీగల నుంచే పెంపుడు ఈగలకు అంటింది. ఇక పూల మీద వైరస్‌లు అటూ ఇటూ రెండు వైపులా ప్రయాణిస్తాయి. పూత వెంట ఊరూరా తిరిగే పెట్టెలు ఏ జబ్బును ఏ అడవి అంచుకు తీసుకెళ్తున్నాయో చెప్పే రికార్డు ఉండాలి.

చేయాల్సిన పనుల్లో మొదటిది చాలా చవక. జాలీ మూత ఉన్న సీసాలోకి పిల్ల పట్టు మీంచి అరకప్పు ఈగలను, అంటే సుమారు మూడు వందలను దులపాలి. రాణి ఈగ అందులో లేదని ముందే చూసుకోవాలి. పైనుంచి రెండు చెంచాల పంచదార పొడి చల్లి, సీసాను మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలాగి తెల్లని పళ్లెంలో జల్లించాలి. పొడితో పాటు నల్లులు పడతాయి. ఈగలు బతికే ఉంటాయి, వాటిని తిరిగి పెట్టెలో వేసేయొచ్చు. వంద ఈగలకు రెండు మూడు నల్లులు దాటితే వెంటనే మందు ఆలోచన చేయాలి. రాయితీ పెట్టె ఇచ్చే ముందు ఈ లెక్క తప్పనిసరి చేయాలి, శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలి.

తర్వాతి బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయాలది. శుభ్రం చేసే గుణమున్న వంశాలను, ముఖ్యంగా వైరస్‌ను తట్టుకుని నిలిచిన భారతీయ తేనెటీగల వంశాలను ఎంచి, ఆ రాణులను పెంపకందారులకు అందించాలి. జిల్లాల వారీగా నల్లి, వైరస్‌ల వివరాలను ఏటా ప్రకటించాలి. వచ్చే బడ్జెట్‌లో పెట్టెల సంఖ్య కాస్త తగ్గించైనా ఈ రెండు పనులకూ డబ్బు చూపాలి.