ఈడ తిరిగే బండికి ఆడి నంబరెందుకు?

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు. అయినా ఊరు మారితే రేటు మారుతుంది. దేశం మారితే ఇక చెప్పే పనే లేదు. మరి పొరుగు నంబరుతో వచ్చిన కారు నిజంగా చౌకేనా?

ఆళ్లగడ్డలో ఒక ఇల్లు అనుకుందాం. వడ్లు అమ్మిన డబ్బు చేతికొచ్చింది. అప్పులు తీరాయి. ఇక ఒక కారు కొనాలని ఇంటిపెద్ద ముచ్చట. అహోబిలం వెళ్లాలన్నా, నంద్యాల ఆసుపత్రికి పోవాలన్నా ఎవరినీ అడిగే పని ఉండదు కదా! నంద్యాల వెళ్లి షోరూములో బండి చూశాడు. అంతా బాగానే ఉంది. కొటేషన్ చేతికిచ్చాకే గుండె జారింది. బండి ధర ఒకటి... అది రోడ్డెక్కే ధర ఇంకొకటి!

అల్లుడు ఒక ఉపాయం చెప్పాడు.

‘‘కొత్తది ఎందుకు మామా? ఢిల్లీ బండ్లు వస్తాండాయి. నాలుగేళ్లు కూడా కాలేదు. ఈడికంటే లక్షన్నర తక్కువ.’’

‘‘మరి నంబరు?’’

‘‘ఆ నంబరుతోనే తిప్పుకోవచ్చు. ఎవరు అడుగుతారు?’’

మామ కాసేపు ఆలోచించి అన్నాడు: ‘‘ఈడ తిరిగే బండికి ఆడి నంబరెందుకురా అల్లుడూ?’’

ఇలాంటి సంభాషణ ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతోంది. మామ అడిగిన ప్రశ్న చిన్నదే. కానీ మోటారు వాహనాల చట్టం అడిగేదీ సరిగ్గా అదే!

ధర ఒకటే... పన్నే వేరు

ఒకప్పుడు కారు కొనాలంటే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 చివర్లో వచ్చిన మారుతి 800. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లిన ప్రధాని పి.వి.నరసింహారావు హయాంలోనే, 1993లో, కార్ల తయారీకి లైసెన్సుల బెడద తొలగింది. ఆ తర్వాతే విదేశీ కంపెనీలు వరస కట్టాయి. షోరూములు జిల్లా కేంద్రాలు దాటి నంద్యాల లాంటి పట్టణాలకూ వచ్చాయి.

కార్లు పెరిగాయి గానీ పన్నుల గజిబిజి పోలేదు. జీఎస్టీకి ముందు రాష్ట్రానికో వ్యాట్ ఉండేది. పొరుగున తక్కువ ఉంటే అక్కడ కొని ఇక్కడికి తెచ్చేవాళ్లు. అలా తెచ్చే బండ్ల మీద వేయడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1996లో మోటారు వాహనాల ప్రవేశ పన్ను చట్టం చేసింది. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో ఆ తేడా పోయింది. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా ఒకే మోడల్‌కు ఒకే శాతం.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు మరో ఊరట దొరికింది. అంతకుముందు చిన్న పెట్రోలు కారు మీద 28 శాతం జీఎస్టీ, దానిపై 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం 18 శాతమే. పెద్ద కార్లకు సెస్సు తీసేసి 40 శాతం చేశారు. విద్యుత్ కార్లకు 5 శాతం అలాగే ఉంది.

మరి ఇంకా తేడా ఎక్కడిది? జీవితకాల పన్నుది. ‘లైఫ్ ట్యాక్స్’ అని అందరూ పిలిచేది ఇదే. ఇది రాష్ట్రాల చేతిలోనే ఉంది.

రెండు వేలకు ముప్పై వేలు!

2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన శ్లాబులు ఇవీ: అయిదు లక్షల లోపు కారుకు 13 శాతం. అయిదు నుంచి పది లక్షల వరకు 14. పది నుంచి ఇరవై లక్షల వరకు 17. ఆపైన 18 శాతం.

మన ఆళ్లగడ్డ పెద్దాయన చూసిన కారు ధర 8 లక్షలు అనుకుందాం. లైఫ్ ట్యాక్స్ 1,12,000 రూపాయలు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ 8 లక్షల్లోనే జీఎస్టీ కూడా కలిసి ఉంది. అంటే పన్ను మీద పన్ను!

ఇంకో తిరకాసు శ్లాబులది. 9,99,000 రూపాయల కారుకు పన్ను 1,39,860. దాని పక్కనే 10,01,000 రూపాయల కారు ఉంది. ధరలో తేడా రెండు వేలే. పన్ను మాత్రం 1,70,170! రెండు వేలు ఎక్కువ పెట్టినందుకు ముప్పై వేలు అదనం. అలాయ్ చక్రాలకో, పెద్ద తెరకో ఆశపడి పై వేరియంట్ ఎంచుకునేవాళ్లు ఈ గీత ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

తుంగభద్ర దాటితే తక్కువా?

నంద్యాల నుంచి కర్నూలు, అక్కడ తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. 2014 జూన్ 2కు ముందు అది నది మాత్రమే. ఆ రోజు నుంచి సరిహద్దు. నంద్యాల వాసి హైదరాబాద్‌లో బండి కొని అక్కడే నంబరు తీసుకున్నా అప్పట్లో అంతా ఒకే రాష్ట్రం. ఇప్పుడు అటు వైపు టీఎస్ వచ్చి, 2024లో టీజీ అయింది. ఇటు వైపు కర్నూలు బండిని గుర్తుపట్టించే ఏపీ 21 పోయి, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది.

ఈ సరిహద్దు బరువు ముందుగా పడింది సొంత కార్ల మీద కాదు, లారీల మీద, ట్యాక్సీల మీద. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఏపీ రవాణా వాహనాలకు పన్ను వసూలు మొదలుపెట్టింది. ఏపీ కూడా అదే బాట పట్టింది. నిన్నటిదాకా ఒకే పన్నుతో రెండు వైపులా తిరిగిన వాళ్లు ఒక్కసారిగా రెండు చోట్లా కట్టాల్సి వచ్చింది.

సొంత కార్ల సంగతికొస్తే, వంతెన దాటినంత మాత్రాన పెద్దగా మిగిలేది లేదు. 2022లో తెలంగాణ కూడా దాదాపు ఇవే శ్లాబులు పెట్టింది. 2025 ఆగస్టులో ఖరీదైన బండ్ల మీద ఇంకా పెంచింది. కర్ణాటకలోనూ అయిదు నుంచి పది లక్షల కారుకు 14 శాతమే. కానీ ఆ పన్ను మీద 11 శాతం సెస్సు ఉంది. మన 8 లక్షల కారుకు లెక్క వేస్తే 1,24,320 రూపాయలు. ఏపీ లైఫ్ ట్యాక్స్ కంటే పన్నెండు వేలు ఎక్కువే! 2023 నవంబరులో రేట్లు మార్చిన తమిళనాడులో ఇదే కారుకు 13 శాతం, అంటే 1,04,000.

మరి ఢిల్లీలో? ఆరు నుంచి పది లక్షల పెట్రోలు కారుకు 7 శాతం. అంటే 56,000 రూపాయలు. ఏపీ లైఫ్ ట్యాక్స్‌లో సరిగ్గా సగం. అల్లుడికి కనిపించిన ‘చౌక’లో ఒక ముక్క ఇదే.

రెండో ముక్క ఢిల్లీ పొగది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, ఈలోగా అక్కడివాళ్లు గడువు దగ్గర పడకముందే బండ్లు అమ్ముకోవడం అలవాటైంది. అవే దక్షిణాదికి బారులు తీరాయి.

పన్నెండు నెలల మాట

‘‘ఆ నంబరుతోనే తిప్పుకోవచ్చు’’ అన్నాడు అల్లుడు. నిజమే, కానీ కొంతకాలమే. మోటారు వాహనాల చట్టం 1988లోని 40వ సెక్షన్ ప్రకారం, యజమాని ఎక్కడ ఉంటాడో, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్ట్రేషన్. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. కర్ణాటక 2014లో ఈ గడువు పట్టించుకోకుండా 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలని సవరణ తెచ్చింది. బెంగళూరులో ఏపీ నంబర్లతో తిరిగే మనవాళ్లు ఎంతోమంది ఇబ్బంది పడ్డారు. 2016లో అక్కడి హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది.

కాబట్టి ఢిల్లీ బండి ఆళ్లగడ్డలో స్థిరపడాలంటే పని చాలా ఉంది. ముందు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఎన్ఓసీ అనేది దీన్నే. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ కంపెనీ సరేననాలి. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆపైన ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడిగే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. కానీ దానికోసం కాగితాలు పట్టుకుని తిరగాల్సింది బండి అమ్మేసినవాళ్లు కాదు, కొన్నవాళ్లే. లారీ మీద బండి తెచ్చిన ఖర్చు, మధ్యవర్తి కమీషన్ కలుపుకొంటే లక్షన్నరలో చేతికి మిగిలేదెంతో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

నిజంగా రెండు మూడేళ్లకోసారి రాష్ట్రం మారే ఉద్యోగులకు కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి ‘బీహెచ్’ సిరీస్ తెచ్చింది. సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దానికి అర్హులు. రెండేళ్లకోసారి పన్ను కడితే సరి. ఆళ్లగడ్డ రైతుకు మాత్రం ఆ దారి లేదు.

పేరు మారకపోతే...

అసలు ప్రమాదం పన్నులో లేదు. పేరులో ఉంది. కొన్నవాడు పేరు మార్చుకోడు. అమ్మినవాడు పట్టించుకోడు. ఇంకొందరు పొరుగు రాష్ట్రంలోని బంధువు పేరునో, చిరునామానో వాడుకుంటారు. ‘కాగితం మీద పేరే కదా’ అని ఆ బంధువు కూడా మొహమాటానికి ఒప్పుకుంటాడు.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదే. ఎక్కడో హైదరాబాద్‌లో ఉండే బాబాయి, తాను ఎన్నడూ ఎక్కని కారు కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుందన్నమాట! ఒక సాయం, ఒక సంతకం... రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా చేయగలవు.

పొరుగు దేశాలను చూస్తే...

మన పన్నులే ఎక్కువనుకుంటే నేపాల్ వైపు ఒకసారి చూడాలి. మన దగ్గర తయారైన కారే సరిహద్దు దాటి కాఠ్మాండూ చేరేసరికి కస్టమ్స్, ఎక్సైజ్, 13 శాతం వ్యాట్ ఒకదాని మీద ఒకటి పడి, పెట్రోలు కారుకైతే ధర రెండింతలు దాటిపోతుంది. విద్యుత్ కార్లకు మాత్రం పన్ను బాగా తగ్గించారు. ఫలితం? అక్కడ కొత్తగా రోడ్డెక్కే కార్లలో ఎక్కువ భాగం ఇప్పుడు విద్యుత్‌వే. ఏ కారు కొనాలో కొనేవాడి కంటే ముందు పన్నే నిర్ణయిస్తోంది!

శ్రీలంకలో ఇంకో కథ. విదేశీ మారకం కరిగిపోతుందని 2020 మార్చిలో వాహనాల దిగుమతి ఆపేశారు. సొంత వాహనాలకు మళ్లీ తలుపు తెరిచింది 2025 ఫిబ్రవరిలో. ఆ అయిదేళ్లలో పాత కార్లే బంగారమయ్యాయి. భూటాన్ కూడా 2012లో భారత రూపాయలకు కటకట వచ్చి దిగుమతులను ఆపి, 2014లో వదిలింది. ఆ దేశాల్లో కారు పన్ను ఖజానా కోసమే కాదు, మారకద్రవ్యాన్ని కాపాడుకోవడానికి కూడా.

తేడా ఒక్కటే. దేశాల మధ్య సరిహద్దులో కస్టమ్స్ గేటు ఉంటుంది. రాష్ట్రాల మధ్య ఉండదు. అందుకే ఇక్కడ నంబరు ప్లేటే గేటు.

చిన్నవాళ్లకు చెక్కు... పెద్దవాళ్లకు పర్మిట్టు

ఆ గేటును చులాగ్గా దాటేసేది ఎవరు? రాత్రిపూట జాతీయ రహదారిపై నిలబడి చూస్తే తెలుస్తుంది. ఎక్కేదీ దిగేదీ తెలుగువాళ్లే. బస్సు నంబరు మాత్రం నాగాలాండ్‌ది, అరుణాచల్‌ది, డామన్‌ది. అక్కడ పన్ను తక్కువ. అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉంటే దేశమంతా తిరగొచ్చు. 2017లో అరుణాచల్ బస్సుల మీద రెండు తెలుగు రాష్ట్రాల అధికారులూ దాడులు చేశారు. కొన్నాళ్లకు నంబర్లు మారాయి. పద్ధతి మారలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఆ బస్సు మొదటి నంబరు డామన్ డయ్యూది. మంటలకు కారణం నంబరు కాదు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లడం. కానీ ఆ ఘటన తర్వాత అందరి నోటా ఒకటే ప్రశ్న... ఇక్కడి మనుషుల్ని ఎక్కించుకునే బస్సును ఎక్కడో దూరంలోని కార్యాలయం పరీక్షిస్తే, అది ఎలా ఉందో చూసే బాధ్యత ఎవరిది?

ఢిల్లీ నంబరుతో ఒక రైతు కారు కనిపిస్తే ఆపి కాగితాలు అడగడం సులభం. అడగాల్సిందే కూడా. కానీ అదే చూపు రాత్రి బస్సుల మీదా పడాలి. ఇద్దరికీ ఒకే న్యాయం ఉన్నప్పుడే పన్ను కట్టేవాడికి కట్టాలనిపిస్తుంది.

ఇంతకీ ఆళ్లగడ్డ మామ ఏం చేస్తే మంచిది? పాత బండే కావాలంటే నంద్యాలలోనో, కర్నూలులోనో ఏపీ నంబరున్నది చూసుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్ ఎప్పుడో కట్టేసి ఉంటుంది. పేరు మారిస్తే సరిపోతుంది. ఢిల్లీదే తేవాలనుకుంటే ముందు ఎన్ఓసీ చూడాలి, ఆ తర్వాతే డబ్బు లెక్కపెట్టాలి. రేట్లు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి కొనే రోజున రవాణా కార్యాలయంలో అడిగి, రాసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆయన అడిగిన ప్రశ్ననే మళ్లీ ఒకసారి అడుగుకోవాలి. ఈడ తిరిగే బండికి ఆడి నంబరెందుకు? దానికి నిజాయతీగా జవాబు దొరికితే, ఆ బండి ఎక్కి అహోబిలం దాకా నిశ్చింతగా వెళ్లి రావచ్చు!