శివారు రైతుకు తెలిసిన న్యాయం
– డెల్టా వాసి

దాళ్వాలో వంతు నీరు వచ్చే రాత్రి మా నాన్న పడుకునేవారు కాదు. టార్చిలైటు, పార పట్టుకుని బోదె గట్టు వెంట నడిచేవారు. వెనకాల నేను. మాది కాలువ శివారు. పైన ఎవరైనా రాత్రికి రాత్రి గోనెసంచుల్లో మట్టి నింపి అడ్డం వేశారంటే, తెల్లారేసరికి మా బోదెలో బురదే మిగిలేది. అయినా పైరైతుతో గొడవ పెట్టుకోనిచ్చేవారు కాదు. "వాడికి కోపం వస్తే మన చేను ఎండుతుందిరా" అనేవారు. ఒక ఏడు వంతుల పట్టిక రాసి పంచాయతీ గోడకి అంటించారు. ఆ ఏడు నాన్న కంటినిండా నిద్రపోయారు.

గంగకు బంగ్లాదేశ్ శివారు రైతు. ఢిల్లీకీ ఢాకాకీ మధ్య మాటలు చెడినప్పుడల్లా నాకు ఆ బోదె గట్టే గుర్తొస్తుంది.

కలకత్తా రేవులో పేరుకుపోతున్న ఒండ్రును కడిగేందుకు హుగ్లీలోకి 40,000 క్యూసెక్కులు మళ్లించాలని మనం ఫరక్కా బ్యారేజీ కట్టాం. 1975లో అది పనిలోకి వచ్చింది. తమకు నీరు తగ్గిపోతోందని మరుసటి ఏడాది మే 16న బంగ్లాదేశ్ నాయకుడు మౌలానా భాషానీ వెంట వేలమంది ఫరక్కా వైపు నడిచారు. అదే ఏడు ఆ దేశం ఈ గోడును ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లింది. ఇరవై ఏళ్లు నలిగాక, 1996 డిసెంబరు 12న రెండు దేశాల ప్రధానులు దేవెగౌడ, షేక్ హసీనా ముప్పై ఏళ్ల ఒప్పందం మీద సంతకాలు చేశారు.

ఆ ఒప్పందం చదివితే డెల్టా రైతు వెంటనే పోల్చుకుంటాడు. అది మన వంతుల పద్ధతే. జనవరి నుంచి మే వరకు పదేసి రోజుల లెక్క. ఫరక్కాకు 70,000 క్యూసెక్కులో అంతకు తక్కువో వస్తే చెరిసగం. బాగా ఎద్దడిగా ఉండే మార్చి 11 నుంచి మే 10 వరకు ఒక పది రోజులు ఒకరికి, మరో పది రోజులు ఇంకొకరికి 35,000 క్యూసెక్కులు ఖాయం. ఈ పట్టిక గడువు 2026 డిసెంబరుతో తీరిపోతుంది. తీస్తా నదికైతే అసలు పట్టికే లేదు. 2011లో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లినప్పుడు అంతా సిద్ధమై, అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది.

ఈలోగా సంబంధాలు దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు 5న హసీనా పదవి వదిలి మన దేశానికి వచ్చేశారు. అక్కడి హిందువుల మీద దాడులు జరిగాయి. వాటిని గట్టిగా నిలదీయడం మన బాధ్యత, అందులో మొహమాటం అక్కర్లేదు. 2025లో మనం వాళ్ల సరుకు రవాణాకు ఇచ్చిన సౌకర్యం ఆపేశాం, భూమార్గంలో వచ్చే దుస్తులకు అడ్డుకట్ట వేశాం. చివరికి చేప కూడా ఈ తగవులో చిక్కుకుంది. వాళ్ల ఇలిష్, మన పులస ఒకే జాతి. దుర్గాపూజకు బెంగాల్‌కు పంపే ఆ చేపను 2024లో ఢాకా ముందు కుదరదంది, తర్వాత 3,000 టన్నులకు సరేనంది. మరుసటి ఏడు 1,200 టన్నులతో సరిపెట్టింది.

సరుకు ఆగితే వ్యాపారికి నష్టం, చేప ఆగితే పండగ వెలితి. నీరు అలాంటిది కాదు. పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్‌తో ఉన్న సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టాక, గంగనూ అలాగే కట్టేయాలన్న మాటలు వినిపించాయి. గోదావరి నీళ్లు తాగిన మనం ఆ మాటకు తల ఊపకూడదు.

ఎందుకంటే మనమూ శివారు వాళ్లమే. గోదావరి మీద మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కడుతున్నప్పుడు పైవాడు గేట్లు దించేస్తే మా గతేమిటని తెలుగువాళ్లమంతా గగ్గోలు పెట్టాం. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు లెక్క రాసిచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు వదలాలి. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం రెండయింది. మహారాష్ట్ర మనసు ఎలా ఉన్నా జూలై 1న ఆ గేట్లు లేస్తూనే ఉన్నాయి. రాసుకున్న వంతుకు ఉండే విలువ అది.

ఇక ఈశాన్యం వైపు చూడండి. బ్రహ్మపుత్ర మీద టిబెట్‌లో చైనా 2025 జూలైలో భారీ ఆనకట్ట పనులు మొదలుపెట్టింది. అక్కడ పైరైతు చైనా, శివారు రైతు మనం. నీళ్ల లెక్కలు చెప్పు, మా వాటా ఆపకు అని బీజింగ్‌ను అడుగుతున్న నోటితోనే ఢాకాకు నీళ్లు కట్టేస్తామంటే, మన మాట ఎవరు వింటారు?

చొరబాట్ల మీద, మైనారిటీల భద్రత మీద, వ్యాపారం మీద ఢాకాతో ఎంత కఠినంగానైనా మాట్లాడవచ్చు. నీటి పట్టికను మాత్రం ఆ తగవులోకి లాగవద్దు. వానల తీరు మారింది కాబట్టి లెక్కలు సవరించాలంటే ఇద్దరూ కూర్చుని సవరించుకోవచ్చు. పెద్ద దేశం చిన్న దేశానికి నీళ్లు ఇవ్వడం దయ కాదు, న్యాయం. గంగ వంతుల పట్టికకు గడువు పొడిగించమని ఢిల్లీని అడగాల్సిన వాళ్లలో డెల్టా ఎంపీలు ముందుండాలి. శివారు చేను ఎండితే ఎలా ఉంటుందో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.