చిక్కుడు జాతి కాయలు: పట్టికలోని పోషకం పళ్లెంలోకి చేరుతోందా?

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నిత్యభోజనంలో చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడు కాయలు తరచుగా కనిపిస్తాయి. గోరుచిక్కుడును ఇక్కడివారు మటిక్కాయ అంటారు. రాగి సంగటి, జొన్నరొట్టె, వరి అన్నం దేనితోనైనా ఈ కూరలు ఇముడుతాయి. అయితే వీటి పోషక విలువపై విస్తరణ కార్యక్రమాల్లో చెప్పే మాటల్లో కొంత అతిశయోక్తి, కొంత అర్ధసత్యం చోటు చేసుకుంటున్నాయి.

పప్పుజాతి మొక్కల కాయలు గనుక ఇవి పప్పుకు ప్రత్యామ్నాయమనడం అతిశయోక్తి. 100 గ్రాముల లేత కాయల్లో మాంసకృత్తులు 3 నుంచి 4 గ్రాములు మాత్రమే. అంతే బరువు గల కందిపప్పులో సుమారు 22 గ్రాములుంటాయి. లేత కాయలో గింజ నిండదు, అధికభాగం నీరే. ముదురు గోరుచిక్కుడు గింజలోని జిగురుకు మధుమేహ నియంత్రణలో ఉన్న గుణాన్ని లేత కాయకు యథాతథంగా ఆపాదించడమూ సరికాదు.

ఈ కాయల అసలు విలువ పీచు, ఫోలేట్, కాల్షియం, విటమిన్ సిలలో ఉంది. గోరుచిక్కుడులో 100 గ్రాములకు 100 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం లభిస్తుంది. ధాన్యాలు, పప్పులలోని ఇనుమును శరీరం గ్రహించడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనులు. ఈ కాయలు ఒక్కటే రక్తహీనతను పోగొట్టవు. కానీ అందుబాటులో ఉన్న ఈ తోడ్పాటును పారబోసుకోవడం మాత్రం తగదు.

అర్ధసత్యం ఇక్కడే ఉంది. పట్టికల్లో సాధారణంగా ఉటంకించే విలువలు పచ్చికాయకు సంబంధించినవి. వంటింట్లో చేదు, వగరు పోవాలని కాయలను ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని వార్చే అలవాటు ఉంది. విటమిన్ సి కొంత వేడికి నశిస్తే, మరికొంత ఫోలేట్‌తో కలిసి ఆ నీటి వెంట పోతుంది. కోయక ముందే కడగడం, కొద్ది నీటితో మూతపెట్టి మగ్గించడం, మిగిలిన నీటిని పప్పులోనో చారులోనో కలపడం ఖర్చులేని మార్గాలు. అలాగని పచ్చిగా తినమని కాదు. గింజల్లోని జీర్ణనిరోధకాలను తగ్గించేది వంటే. ముదురు చిక్కుడు గింజలను నానబెట్టి, ఆ నీటిని పారబోసి బాగా ఉడికించడమే మేలు. కూర దించే ముందు వేరుశనగ పొడో, పప్పుల పొడో చల్లే సీమ వంటపద్ధతి, కాయలో కొరవడిన మాంసకృత్తులను కొంతవరకు పూరిస్తుంది. ఆ పద్ధతిని నిలబెట్టాలి.

ఈ నష్టానికి మూలం కొంత పొలంలోనూ ఉంది. కోత ఆలస్యమైతే కాయ బరువు పెరుగుతుంది, పీచు గట్టిపడుతుంది. గట్టి కాయను ఎక్కువసేపు ఉడికించక తప్పదు. కనుక కోతదశ దిగుబడికి సంబంధించిన అంశమే కాదు, పోషణకు సంబంధించినది కూడా. ప్రొద్దుటూరు పరిసరాల కాలువ భూముల్లోనైనా, పులివెందుల లేత చీనీ తోటల్లో అంతరపంటగానైనా, జమ్మలమడుగు నల్లరేగడి చేల గట్ల వెంటనైనా ఈ పంటలను సిఫారసు చేసేటప్పుడు విత్తన మోతాదు, ఎరువులతోపాటు కోతదశ, వండే తీరు కూడా చెప్పాలి.

విద్యార్థుల పరిశోధనల్లో హెక్టారుకు ఎన్ని క్వింటాళ్లు అన్న ప్రశ్నకు ఇప్పటికే తగిన స్థానం ఉంది. రకాన్ని, కోతదశను బట్టి వండిన కూరలో ఎంత పోషకం మిగులుతుందన్న ప్రశ్నకూ అంతే స్థానం దక్కాలి. వ్యవసాయ, గృహవిజ్ఞాన విభాగాలు కలిసి చేయవలసిన పని ఇది. పొలంలో పండించిన పోషకం వార్పు నీళ్లలో పోతుంటే, ఆ దిగుబడి లెక్క సగమే పూర్తయినట్లు.